ఏటిని ఎరగని కార్డు

ఇప్పుడు పడవ నడపడం కూడా కుర్చీలో కూర్చునే నేర్చుకుంటున్నారు. ఒక సెలవురోజు, ఒక లాప్‌టాప్, పక్కన కాఫీ. పాఠం చదవడం, ప్రశ్నలకి జవాబులు నొక్కడం, పొద్దు వాలేసరికి పాసైపోవడం. వాషింగ్టన్ రాష్ట్రం వాళ్ళకి 10 డాలర్లు కడితే కార్డు ఇంటికొస్తుంది. ఆ కార్డుకి గడువు లేదు, జన్మంతా చెల్లుతుంది. నిన్నటిదాకా మోకాల్లోతు నీళ్ళలోకి దిగని మనిషి దాన్ని పర్సులో పెట్టుకుని, రెండు వందల హార్స్‌పవర్ ఇంజనున్న బోటెక్కి, పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని సరస్సులోకి పోతున్నాడు. అడిగేవాడు లేడు. అడిగినా చూపించడానికి కార్డుంది.

నేనిప్పుడు మావాడి దగ్గర, వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ పక్కన ఉంటున్నాను. సమామిష్ సరస్సు మా ఇంటికి దగ్గర. చుట్టుపక్కల రెడ్మండ్, బెల్వ్యూ నిండా తెలుగువాళ్ళే. పదేళ్ళ కిందట వీళ్ళకి వేసవి సెలవంటే కొండలెక్కడం, పార్కులో వంటలు చేసుకోవడం. ఇప్పుడు బోట్లు వచ్చాయి. కొన్నవాళ్ళు కొందరు, నలుగురు కలిసి వాటాలు వేసుకున్నవాళ్ళు కొందరు, గంటల లెక్కన అద్దెకి తెచ్చుకునేవాళ్ళు ఎందరో. సంతోషమే. నీళ్ళంటే ఇష్టం లేని గోదావరి మనిషి ఉంటాడా? కానీ ఇష్టం వేరు, ఎరుక వేరు.

చట్టం సంగతి ముందు చెబుతాను. ఇక్కడ బోటు నడిపేవాళ్ళకి పాఠం తప్పనిసరి చేస్తూ 2005లో చట్టం చేశారు. 2008 నుంచి ముందు కుర్రవాళ్ళకి, తర్వాత ఏటేటా పై వయసుల వాళ్ళకి వర్తింపజేస్తూ 2014కి పూర్తిచేశారు. 15 హార్స్‌పవర్, ఆపైన ఇంజనున్న బోటు నడపాలంటే కార్డు ఉండాలి. పన్నెండేళ్ళు నిండితే కార్డు తీసుకోవచ్చు. జెట్ స్కీ లాంటివాటికి పద్నాలుగు నిండాలి. 1955 జనవరి 1కి ముందు పుట్టినవాళ్ళకి మాత్రం మినహాయింపు. అంటే నాబోటివాడికి పాఠమూ అక్కర్లేదు, పరీక్షా అక్కర్లేదు. ఆ మినహాయింపు మాట తర్వాత మాట్లాడతాను.

చట్టం వద్దని నేననడం లేదు, కావాలి. అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ళు ఏటా వేసే లెక్క చూస్తే చాలు. బోటు ప్రమాదాల్లో పోయినవాళ్ళలో నలుగురికి ముగ్గురు నీళ్ళలో మునిగి పోయినవాళ్ళే. అలా మునిగినవాళ్ళలో పదిమందికి ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్ళే. పాఠం చదవనివాళ్ళు నడిపిన బోట్లలోనే చావులు ఎక్కువ. కాబట్టి పాఠం మంచిదే. నా గొడవ పాఠం గురించి కాదు. పాఠంతోనే సరిపెట్టి నీళ్ళ మీద పరీక్ష పెట్టకుండా వదిలేశారే, దాని గురించి.

మా రోజుల్లో ఎలా నేర్చుకునేవారో చెబుతాను.

మాది కోనసీమలో ఒక లంక. బడి అవతలి గట్టున. బడికెళ్ళాలన్నా, సంతకెళ్ళాలన్నా, పురిటికి తీసుకెళ్ళాలన్నా ఏటి పాయ దాటాల్సిందే. రేవులో పడవ నడిపే పెద్దాయన్ని పిల్లలందరం పడవ తాత అనేవాళ్ళం. ఆయనకి సంతకం రాదు. కొడుకు చిన్నతనంలో పడవెక్కితే మొదటి రెండేళ్ళూ ఆ కుర్రాడికి ఒకటే పని, పడవలోకి ఊరే నీళ్ళని రేకు డబ్బాతో తోడిపొయ్యడం. తోడుతూ తోడుతూ నాన్న ఎటు చూస్తున్నాడో చూడటం. ఆ తర్వాత గడ చేతికిచ్చాడు. గడ అందని చోట తెడ్డు. చుక్కాని పట్టుకోనిచ్చేసరికి ఆ కుర్రాడికి మీసాలు వచ్చాయి.

రేవు దాటడమంటే ఎదురుగా కనపడే గట్టుకి పడవని తిన్నగా తోలడం కాదు. ముందు గట్టు వెంబడే గడ వేసుకుంటూ ఎగువకి పోవాలి. ఎంత దూరం పోవాలన్నది ఆ పూట వడిని బట్టి. ఒక పుల్ల విసిరి అది ఎంత జోరుగా పోతోందో చూసేవాడు తాత. అక్కడినుంచి ఏటికి అడ్డంగా వదిలితే వడి పడవని దిగువకి లాగుతూ లాగుతూ సరిగ్గా అవతలి రేవులో పెట్టాలి. నీటి పైన చిన్న చిన్న ముడతలు పడుతున్నాయంటే అడుగున ఇసుక మేట ఉన్నట్టు. నున్నగా, నల్లగా పారుతోందంటే లోతు. నురగ గుండ్రంగా తిరుగుతోందంటే ఆ దరిదాపులకి పోకూడదు. పైగా నిరుడు ఉన్న మేట ఈ ఏడు ఉండదు, వరద వచ్చిందంటే ఏరు దారి మార్చేసుకుంటుంది. అందుకని ఎర్రనీళ్ళు తీసిన ప్రతిసారీ తాత ఖాళీ పడవ వేసుకుని, కొడుకుని ఎక్కించుకుని, దారి పొడుగునా గడ దింపి లోతు చూసుకుని వచ్చేవాడు. ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కనిచ్చేవాడు. నలభై ఏళ్ళు అదే రేవులో పడవ వేసిన మనిషి కూడా ఏటా కొత్తగా చూసుకునేవాడన్నమాట.

ఒక వేసవి సాయంత్రం పెళ్ళివారు రేవుకొచ్చారు. అవతలి గట్టున పెళ్ళి, రాత్రి ముహూర్తం. బాజాలు, కావిళ్ళు, పట్టుచీరల ఆడవాళ్ళు. తాత పడమటి మబ్బు వంక చూశాడు. నీటి మీద గాలి ఆగిపోయింది, ఆకు కదలడం లేదు. "ఆయ్, పడవ తియ్యనండి" అన్నాడు. పెళ్ళి పెద్ద కోప్పడ్డాడు, బతిమాలాడు, ఎక్కువ డబ్బిస్తానన్నాడు. తాత పడవ తాడు రెండో కట్టు కట్టేసి గట్టుమీద కూర్చున్నాడు. "ముహూర్తం మళ్ళీ పెట్టుకోవచ్చండి" అన్నాడు, అంతే. పెళ్ళివారు కొబ్బరితోటలోకి చేరారో లేదో గాలివాన విరుచుకుపడింది. పెళ్ళి మర్నాడు జరిగింది.

పడవ నడపడంలో నాకు తెలిసిన అసలు విద్య అదే. ఎప్పుడు తియ్యకూడదో తెలియడం, తెలిసాక ఎవరు ఏమన్నా తియ్యకుండా ఉండగలగడం. దీన్ని నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమని ఎవరూ పరీక్ష పెట్టలేరు.

మా రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదని చెబితే అబద్ధమవుతుంది. లైఫ్ జాకెట్ అన్నమాటే మేము వినలేదు. సంతరోజున పడవ అంచు నీటికి జానెడు ఎత్తులో ఉండేదాకా ఎక్కించే రేవులూ ఉండేవి. మునిగిన పడవల కథలు ప్రతి లంకలోనూ ఉన్నాయి. ఆ చావుల్లో సగం జాకెట్ ఉంటే ఆగేవి. అందుకే ఈ దేశపు పాఠంలో ఉన్న మంచిని తీసిపారెయ్యను. మావాడి పాఠం నేనూ పక్కన కూర్చుని చదివాను. రాత్రిపూట ఎదుటి బోటుకి ఎర్రదీపం కనపడితే అది దాని ఎడమ పక్క, పచ్చదీపమైతే కుడి పక్క. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. అడ్డంగా వచ్చేవాడు మన కుడివైపునుంచి వస్తుంటే దారి వాడిది. ప్రమాదమనిపిస్తే అయిదు చిన్న కూతలు కూయాలి. ఇంజను ఆపే తాడు ఒక కొస నడిపేవాడికి తగిలించి ఉండాలి, మనిషి నీళ్ళలో పడితే ఇంజను ఆగిపోతుంది. చిన్న బోట్లకి ఇది 2021 ఏప్రిల్ నుంచి దేశమంతటా నియమం. ఇవన్నీ ప్రాణం కాపాడే సంగతులే. తాతకి ఇవి చెప్పి ఉంటే శ్రద్ధగా వినేవాడు.

కానీ చదివినది చేతికి రావాలి. మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, మంచివాడు, నన్ను అంకుల్ అంటాడు. కార్డు వచ్చిన వారానికే సమామిష్‌లోకి బోటు దింపాడు. ట్రైలరు నీళ్ళలోకి దిగే ముందు బోటు అడుగున బిరడా బిగించాడా లేదా అని నేను అడిగితేగాని చూసుకోలేదు. ఆ రోజు నీటి మీద తెల్లటి నురగలు లేస్తున్నాయి, గాలి ఎక్కువగా ఉంది. "బాబూ, ఇవాళ వద్దు" అన్నాను. "కార్డుంది కదంకుల్, గెస్టులొచ్చేశారు, బిరియానీ కూడా తెచ్చాం" అన్నాడు. ఎంతమంది ఎక్కొచ్చో, ఎంత బరువు వెయ్యొచ్చో రాసిన చిన్న రేకు ఇరవై అడుగుల లోపు బోట్లలో ఉండి తీరాలి. అతని బోటులోనూ ఉంది. ఆ రేకు గురించి పరీక్షలో వచ్చిన ప్రశ్నకి సరైన జవాబు కూడా పెట్టాడట. నడిమధ్యకి వెళ్ళాక ఫొటో కోసం అందరూ ముందు కొసకి చేరారు. ముక్కు దిగింది, అల లోపలికి కొట్టింది. వాళ్ళు కంగారుగా వెనక్కి పరుగెత్తేసరికి బోటు ఇంకో పక్కకి ఒరిగింది. ఆ గందరగోళంలో ఇంజను ఆగింది. బోటు గాలికి అడ్డం తిరిగి అలలకి ఊగుతూ ఉండిపోయింది. పక్కనే పోతున్న వేరే బోటువాళ్ళు తాడు వేసి ఒడ్డుకి లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు మాత్రం చాలాసేపు ఏడుపు ఆపలేదు. బరువు నడుమ ఉండాలని, జనం లేచి నిలబడకూడదని పాఠంలో ఉంది. మా రేవులో అయితే సైకిళ్ళు నడుమ, మనుషులు కూర్చున్నచోటే కూర్చోవాలి. లేస్తే తాత తెడ్డుతో కాలిమీద ఒకటి వేసేవాడు. ఆ దెబ్బ తిన్నవాడు మళ్ళీ జన్మలో పడవలో లేవడు.

తెలుగువాళ్ళు మరీ మరీ తెలుసుకోవలసిన సంగతి ఇంకోటుంది, ఇక్కడి నీళ్ళ చలి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, విసుక్కోకండి. మన నీళ్ళు వెచ్చన. గోదావరిలో, చెరువుల్లో, కాలవల్లో ఈదినవాడికి నీటిలో పడటమంటే భయం ఉండదు. ఇక్కడ మే, జూన్ నెలల్లో ఎండ చూస్తే మన ఊరి మాఘమాసంలా ఉంటుంది, చొక్కా విప్పాలనిపిస్తుంది. నీళ్ళు మాత్రం కొండల మీద మంచు కరిగిన నీళ్ళు. అందులో పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. గుండె ఝల్లుమని, నోరు తెరుచుకుని, ఆపినా ఆగకుండా గాలి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే పీల్చేది గాలి కాదు, నీరు. ఎంత ఈతగాడైనా అంతే. ఆ నిమిషం గడిస్తే పది నిమిషాల దాకా చేతులూ కాళ్ళూ మాట వింటాయి, తర్వాత వినవు. బోటు అంచు పట్టుకున్నా వేళ్ళు బిగుసుకోవు. స్పృహ తప్పడానికి మాత్రం గంట దాకా పడుతుంది. దీన్నే ఇక్కడ ఒకటి–పది–ఒకటి అంటారు. ఆ మొదటి నిమిషం తలని నీళ్ళ పైన నిలబెట్టేది ఒంటిమీదున్న లైఫ్ జాకెట్ ఒక్కటే. సీటు కింద ఉన్న జాకెట్ కాదు. నీళ్ళలో పడ్డాక దాన్ని వెతికి, తొడుక్కుని, బకిల్ పెట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఇక్కడ వేసవి వచ్చిందంటే ఏదో సరస్సులోనో, జలపాతం కిందో మన పిల్లవాడొకడు పోయాడన్న వార్త వినపడుతూనే ఉంటుంది. ఈత వచ్చిన పిల్లలే చాలామంది.

చట్టం ఏమంటుందంటే, పంతొమ్మిది అడుగుల లోపు బోటులో పన్నెండేళ్ళు, ఆలోపు పిల్లలు జాకెట్ తొడుక్కుని ఉండాలి. పెద్దవాళ్ళకి మాత్రం బోటులో తలా ఒకటి ఉంటే చాలు, తొడుక్కోకపోయినా ఫరవాలేదు. నాకు ఇది నచ్చదు. తండ్రి జాకెట్ లేకుండా చుక్కాని దగ్గర నిలబడి కొడుక్కి తొడిగితే, ఆ కొడుకు పదమూడో పుట్టినరోజున మొదట చేసే పని జాకెట్ విప్పడం.

సముద్రపు పాయలోకి పోతే సంగతి ఇంకా వేరు. పుజెట్ సౌండ్‌లో పోటూ పాటూ ఉంది. మన అంతర్వేది దగ్గరా, యానాం దగ్గరా పెరిగినవాళ్ళకి పోటు ఎప్పుడు తిరుగుతుందో పంచాంగం చూడకుండానే తెలుసు. ఇక్కడ డిసెప్షన్ పాస్ అని ఒక ఇరుకు ఉంది. పాటు జోరుమీదున్నప్పుడు అక్కడి నీరు ఎనిమిది నాట్ల వేగం దాకా పరిగెడుతుంది. చిన్న ఇంజను పెట్టుకుని ఎదురెళ్తే బోటు ఉన్నచోటే ఉంటుంది. పోటు పట్టిక ఫోనులోనే దొరుకుతుంది, పాఠంలోనూ దాని ప్రస్తావన ఉంది. ఆ నీటిని ఒక్కసారి తెలిసినవాడి పక్కన కూర్చుని దాటితేనే పట్టిక అర్థమవుతుంది.

ఈ ఊళ్ళో నా మనసుకి బాగా దగ్గరైన చోటు బాలర్డ్ లాకులు. 1917లో తెరిచారు. సరస్సు నీటికీ సముద్రం నీటికీ సుమారు 20 అడుగుల ఎత్తు తేడా. లోపలికి బోటు పోతుంది, తలుపులు మూస్తారు, నీరు నింపడమో తియ్యడమో చేస్తారు, అవతలి తలుపులు తెరుస్తారు. మావాడు నాకిది వింతలా చూపించబోయాడు. కాటన్ దొర 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక మా డెల్టా కాలవల మీద లాకుల్లోంచే పడవలు కాకినాడకీ, ఏలూరుకీ, బెజవాడకీ పోయేవి. ధాన్యం, కొబ్బరి, పొగాకు అన్నీ వాటిమీదే. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు గట్టుమీద నడుస్తూ పడవని తాడుతో లాగేవారు. లాకు దగ్గర తాడు ఎలా పట్టాలో, ఎప్పుడు వదులు చెయ్యాలో తెలియనివాడు కాలవ పడవ మీద పనికిరాడు. బాలర్డ్‌లోనూ అంతే. పైనుంచి లాకు మనిషి కేక వేస్తుంటాడు. నీరు దిగేకొద్దీ తాడు వదలాలి, ముడి వేసి కూర్చుంటే బోటు గోడకి వేలాడుతుంది. వారాంతంలో అక్కడ నిలబడి చూడండి. తాడు పట్టుకోవడం రానివాళ్ళెందరో, లాకు మనిషి అరిచినా వినిపించుకోనివాళ్ళెందరో. అందరి దగ్గరా కార్డుంది.

అద్దె బోట్ల సంగతి ఇంకా ఘోరం. అక్కడ కార్డు కూడా అక్కర్లేదు. భద్రత జాబితా ఒకటి చదివించి సంతకం పెట్టించుకుంటే చాలు. మేము ఒకచోట అద్దెకి తీసుకున్నప్పుడు ఆ కుర్రాడు జాబితా మొత్తం అయిదు నిమిషాల్లో గడగడా చదివేసి, ఇక్కడ ఇక్కడ సంతకం అన్నాడు. మీకు బోటు నడపడం వచ్చా అని మావాణ్ణి ఒక్క మాట అడగలేదు. వెనక ఇంకో మూడు కుటుంబాలు వరసలో ఉన్నాయి మరి.

కారుకి ఏం చేస్తున్నారు? ముందు రాతపరీక్ష, తర్వాత పక్కన ఒకాయన కూర్చుని రోడ్డుమీద తిప్పి చూస్తాడు. కారుకి బ్రేకుంది, రోడ్డుకి గీతలున్నాయి. బ్రేకు లేని బోటుకి, గీతలు లేని నీటికి మాత్రం రాత చాలట. మన దేశంలో లాంచీ సరంగు పరీక్షకి కూర్చోవాలంటే అంతకుముందు పడవ మీద పనిచేసినట్టు చూపించాలి. జనాన్ని ఎక్కించుకునేవాడు కాబట్టి అంత కట్టుదిట్టం అంటారు. సొంత బోటులో ఎక్కేది జనం కాదా? వాళ్ళు మన పిల్లలు, మన చుట్టాలు.

అంత కట్టుదిట్టం ఉన్న మన దేశంలోనూ 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. డెబ్బై మందికి పైగా ఉన్నారు అందులో. బతికినవాళ్ళు ఇరవై చిల్లర. వాళ్ళని పైకి లాగింది ఒడ్డునున్న పల్లెలవాళ్ళు, నాటు పడవలేసుకొచ్చి. ఆ తర్వాత మునిగిన బోటుని తియ్యడానికి ఎన్నో బృందాలు వచ్చాయి. అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకి లాగింది కాకినాడనుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనప తాళ్ళతో. నీళ్ళ మీద బతికినవాళ్ళ ఎరుక ఎలాంటిదో అప్పుడు లోకమంతా టీవీలో చూసింది. 1917నాటి పాత చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు. అది కాగితం మీద కాక రేవులో కనపడాలని కోరుకుంటున్నాను.

ఇక మా వయసువాళ్ళ మినహాయింపు. 1955కి ముందు పుట్టినవాళ్ళకి ఎందుకిచ్చారు? పెద్దవాళ్ళకి అనుభవం ఉంటుందనా? డెబ్బై దాటాక పదవీ విరమణ డబ్బుతో మొదటిసారి బోటు కొన్నవాడికి ఏం అనుభవం ఉంటుంది? పైగా చూపు తగ్గుతుంది, చెవి తగ్గుతుంది, నీళ్ళలో పడితే చలికి తట్టుకునే శక్తీ తగ్గుతుంది. ఇక్కడినుంచి రెండు మూడు గంటల దూరంలో ఉన్న కెనడాలో 2009 సెప్టెంబరు 15 నుంచి వయసుతో పనిలేకుండా అందరికీ కార్డు కావాలి. కాలిఫోర్నియాలో ఏటేటా వయసు పెంచుకుంటూ వచ్చి 2025 జనవరి 1 నాటికి అందర్నీ కలిపేశారు. న్యూయార్కూ అదే రోజుకి అందరికీ చేసింది. 2005లో లాంగ్ ఐలండ్ దగ్గర బోటు ప్రమాదంలో పోయిన పదకొండేళ్ళ పాప పేరే ఆ చట్టానికి పెట్టుకున్నారు. వాషింగ్టన్ వాళ్ళు కూడా ఈ మినహాయింపు తీసెయ్యాలి. పెద్దరికానికి గౌరవం ఇవ్వదలుచుకుంటే ఇంకెక్కడైనా ఇవ్వండి, నీళ్ళ దగ్గర వద్దు. నేను మాత్రం పాఠం పూర్తిగా చదివి, పరీక్ష కూడా రాశాను.

ఇక్కడి మన పిల్లలకి చెప్పేది ఒకటే. కార్డు తీసుకోండి, కానీ దాన్ని నమ్ముకుని చుక్కాని పట్టకండి. మొదటి కొన్నిసార్లు తెలిసినవాణ్ణి పక్కన కూర్చోపెట్టుకోండి. గాలి లేని ఉదయం, ఖాళీ బోటుతో ఒడ్డుకి రావడం, ఆపడం, తాడు కట్టడం, నీళ్ళలో పడ్డ మనిషి దగ్గరికి తిరిగి రావడం చేతికొచ్చేదాకా చెయ్యండి. ఆ తర్వాతే చుట్టాల్ని పిలవండి. జాకెట్ ముందు మీరు తొడుక్కుని, అప్పుడు పిల్లలకి తొడగండి. గాలి లేచిన రోజున బిరియానీ ఒడ్డుమీదే తినండి. కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ అని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళున్నారు. 1939నుంచీ ఉన్న సంస్థ అది. తరగతులు పెడతారు, అడిగితే వచ్చి మీ బోటంతా తనిఖీ చేసి ఏమేం లేవో చెబుతారు. ఆ తనిఖీకి పైసా తీసుకోరు, లోపాలు కనపడ్డా జరిమానా వెయ్యరు. ఈ వేసవిలో బోటు నీళ్ళలోకి దింపే ముందు వాళ్ళని ఒక్కసారి పిలవండి.